మత్తయి హాజర్

సమాధుల పండగనాడు దానం ఖాకీ కోటు తొడిగాడంటే పేటలో పిల్లలకి సగం పండగ అక్కడే అయిపోయేది. కోటు బర్మా నుంచి వచ్చింది, పొట్ట మాత్రం కోనసీమలో పెరిగింది. రెండింటికీ పొత్తు కుదిరేది కాదు. ఊపిరి బిగబట్టి, మొహం కందిపోయేదాకా అవస్థపడి, చివరికి పై గుండీ ఒక్కటే పెట్టుకుని సమాధుల తోటకి బయలుదేరేవాడు. వెనకాల పిల్లలు లెఫ్ట్ రైట్ అంటూ నడిచేవాళ్ళు. ఆయన కసిరేవాడు కాదు. అరవై రెండేళ్ళ మనిషికి ఏడాదికి ఒక్కరోజు దక్కే గౌరవం అది.

ముక్తేశ్వరానికి రెండు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు పక్కన ఉండే ఆ పేట నుంచి నలభై రెండులో ఐదుగురు కుర్రాళ్ళు పట్టాళంలో చేరారు. సత్తియ్య, లాజరు, అప్పారావు, మత్తయి, దానం. పలుగూ పారా పట్టుకుని అడవుల్లో రోడ్లు వేసే పట్టాళం అది. నలుగురు అక్కడే పోయారు. దానం ఒక్కడే తిరిగొచ్చాడు. సత్తియ్య నెత్తురు విరేచనాలతో ఆరు రోజులు బురదలో దొర్లి పోయాడు. లాజరుని కొండ మీంచి జారిన లారీ ఛాతీ మీదుగా నలిపేసింది. విమానం వేసిన బాంబుకి అప్పారావు నడుం దగ్గర రెండుగా తెగిపోయాడు, తెగాక కూడా కాసేపు మంచినీళ్ళు అడిగాడు. దానం ఇవేవీ ఆ ఇళ్ళవాళ్ళకి చెప్పలేదు. నిద్దట్లో పోయేడండి, బాధపడలేదండి అని అందరికీ ఒకటే మాట చెప్పాడు. ఆ అబద్ధాలకి ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

శవాలు రాలేదు కనక ముగ్గురికీ ఉత్త సమాధులే కట్టుకున్నారు. ఏటా నవంబరు రెండో తేదీ సాయంత్రం, సున్నం వేసిన ఆ సమాధుల ముందు దానం నిలబడి, పట్టాళంలో పొద్దున్నే పిలిచినట్టే పేర్లు పిలిచేవాడు. పేరు వినగానే ఆ ఇంటి రక్తం పంచుకున్నవాళ్ళు ఒకరు ముందుకొచ్చి ‘హాజర్’ అనాలి. పిలిచిన పేరు పలుకు లేకుండా పోకూడదని వాళ్ళ పట్టింపు. చనిపోయినవాళ్ళని పిలవడమేమిటని పాత పాస్టరుగారు అడ్డం చెప్పి చూశారు. ఎవరూ వినలేదు. కొత్తాయన తెలివైన మనిషి, ప్రార్థన చేసి ఊరుకునేవారు.

మత్తయికి సమాధీ లేదు, పిలుపూ లేదు. కారణం పేటంతటికీ తెలుసు. యుద్ధం నుంచి వచ్చాక మత్తయి భార్య సువర్ణని దానమే పెళ్ళి చేసుకున్నాడు. ఉన్న మొగుడు నిలబడి పోయిన మొగుణ్ణి పిలుస్తుంటే ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుందని పెద్దలే వద్దన్నారు. దానం ‘ఆయ్, అలాగేనండి’ అన్నాడు. అంతకంటే ఆయనకి కావలసిందేముంది?

మత్తయి వెళ్ళిన నాలుగు నెలలకి పుట్టిన పిల్ల నాగమణి. దానం ఆ పిల్లని భుజాన వేసుకుని పెంచాడు, రామచంద్రపురంలో చదివించాడు, టీచర్ని చేశాడు. ఆయనకి వేరే సంతానం కలగలేదు. ఎనభై ఒకటి వేసవిలో సువర్ణ కామెర్లతో పోయింది. నాగమణి భర్త దోహాలో ఉండడంతో ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఆ పిల్ల వండిపెట్టే అన్నం, ‘బాబాయ్’ అనే పిలుపు, వాటి కోసమే ఆయన బతుకుతున్నాడు. ఆ పిలుపు పోతే ఆయన ఒక్కరోజు బతకడు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఆ ఏడు పండగనాడు పొద్దున్న నాగమణి కాఫీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంది.

“బాబాయ్, అమ్మ లేదు కదండీ ఇప్పుడు. మా నాన్న పేరు కూడా పిలవండి. నేను పలుకుతాను” అంది.

దానం సాకు కోసం వెతికాడు. ఇన్నేళ్ళ తర్వాత ఎందుకమ్మా అన్నాడు. ఇన్నేళ్ళూ పిలవలేదు కనకే అంది నాగమణి. గట్టిగా వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు ఆయన ముప్పై ఏడేళ్ళుగా కడుపులో దాచుకున్నాడు. కాఫీ చల్లారిపోయింది. చివరికి అలాగేనమ్మా అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి తోట జనంతో నిండింది. సముద్రం మీద వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారు. మబ్బు కొబ్బరి తలల మీదకి దిగి, పగలే దీపాల వేళలా అయిపోయింది. పచ్చి సున్నం వాసన, తడిసిన బంతిపూల వాసన. గాలికి కొవ్వొత్తులు ఆరిపోతుంటే ఆడవాళ్ళు కొబ్బరి చిప్పలు అడ్డం పెట్టి మళ్ళీ వెలిగిస్తున్నారు. వాన పడకముందే కానిద్దామండీ అన్నారు పాస్టరుగారు.

దానం మడమలు కలిపి నిలబడ్డాడు. సత్తియ్య పేరు పిలిచాడు. సత్తియ్య చెల్లెలు సుందరమ్మ, అరవై ఏళ్ళ మనిషి, కళ్ళొత్తుకుంటూ హాజర్ అంది. లాజరు పేరుకి తమ్ముడు పలికాడు. అప్పారావు పేరుకి అన్నకొడుకు పలికాడు. తర్వాత ఆయన కోటు గుండీ సవరించుకున్నాడు. నాగమణి అప్పటికే ముందుకొచ్చి, పైట భుజం మీదుగా నిండుగా కప్పుకుని ఎదురుచూస్తోంది.

“మత్తయి!”

గాలి ఆగింది. కొబ్బరాకుల చప్పుడు ఆగింది. కాలవలో కప్పలు ఆగాయి. కొవ్వొత్తులన్నీ కదలకుండా నిటారుగా వెలిగాయి.

“హా...” అంది నాగమణి.

మాట అక్కడే తెగిపోయింది.

ముందు ఆవిడ ఏడుస్తోందనుకున్నారు. తర్వాత ఆవిడ రెండు బుగ్గలూ లోపలికి నొక్కుకుపోయాయి. ఒక పక్క నాలుగు గుంటలు. ఇంకో పక్క ఒకటి. ముక్కు అదిమినట్టు చదునైంది. పెదవులు పళ్ళకేసి నలిగి చిట్లాయి. గడ్డం మీదుగా రక్తం కారింది. నాగమణి వెనక్కి విరుచుకు పడిపోయింది. రెండు చేతులతో మొహం మీద దేన్నో పట్టుకుని లాగుతోంది. అక్కడ ఏమీ లేదు. గోళ్ళు ఆవిడ బుగ్గల్నే చీల్చుతున్నాయి. లాజరు తమ్ముడు, ఇంకో ఇద్దరు మగవాళ్ళు ఆవిడ పక్కన కూలబడి, కనిపించని దాన్ని ఊడదీయబోయారు. చేతులకి చల్లటి తడి తగిలిందని, బురదలో తడిసిన మనిషి చెయ్యిలా ఉందని తర్వాత చెప్పారు. ఆ చేతి వేళ్ళు మాత్రం కదల్లేదు. పాస్టరుగారు గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టారు. అప్పుడొచ్చింది వాసన... కుళ్ళిన వెదురాకుల వాసన, మాడిన మాంసం వాసన. కోనసీమలో ఎక్కడా ఉండని వాసన అది. దానానికి తెలిసిన వాసన.

నాగమణి మడమలు నేలని తన్నుతున్నాయి. మత్తయి మడమ కూడా అలాగే తన్నింది. ఒక్క మడమే.

చెబితే ఆ పిల్ల ఇక తనని బాబాయ్ అనదు. చెప్పకపోతే ఆ పిల్లే ఉండదు. ఇందులో ఆలోచించేదేముంది అనిపిస్తుంది వినేవాళ్ళకి. దానం ఆలోచించాడు. పది లెక్కపెట్టేంతసేపు ఆలోచించాడు. ఆ పది లెక్కల్లో నాగమణి మొహం ఎరుపు నుంచి నేరేడు రంగుకి తిరిగింది, కళ్ళలో తెల్లగుడ్ల మీద నెత్తుటి చుక్కలు లేచాయి. ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు.

“వదిలెయ్యిరా మత్తయీ... చెప్పేస్తాను, వదిలెయ్యి.”

పేట పేటంతా వింటుండగా చెప్పాడు. అరకాన్ కొండల్లో మిట్టమధ్యాహ్నం. మిగతావాళ్ళు ముందు వెళ్ళిపోయారు, వీళ్ళిద్దరే వెనకబడ్డారు. మత్తయి మందుపాతర మీద అడుగు వేశాడు. కుడికాలు మోకాలి దగ్గర ఎగిరిపోయి ఎక్కడో వెదురుపొదలో చిక్కుకుంది. మత్తయి అరుపుకి కొండలు మారుమోగాయి. దానం అతన్ని గడ్డిలోకి ఈడ్చుకుపోయాడు. అంతలో కాలిబాట మీద జపాను సిపాయిలు పదిమంది వచ్చారు. అరుపు వింటే ఇద్దర్నీ తుపాకీ కత్తులతో పొడుస్తారు. ముందురోజే ఇద్దర్ని అలా పొడిచి చెట్టుకి కట్టి వదిలేశారు. అందుకని దానం మత్తయి గుండెల మీద కూర్చుని నోరూ ముక్కూ కలిపి అరచేత్తో మూసేశాడు.

“నిద్దట్లో పోలేదండి. నా చెయ్యేనండి. వాళ్ళు వెళ్ళేసరికి... పోయేడండి.”

నాగమణి మొహం మీది గుంటలు ఒక్కొక్కటే పూడాయి. ఆవిడ పెద్దగా గాలి పీల్చింది, దగ్గింది, నెత్తురు ఉమ్మింది. సుందరమ్మ తల ఒళ్ళో పెట్టుకుని కొంగుతో మొహం తుడిచింది. గాలి మళ్ళీ కొబ్బరాకుల్ని కదిపింది. పాస్టరుగారు వచ్చి దానం భుజం మీద చెయ్యి వేశారు. అది యుద్ధమండి, ఇద్దరు పోయేచోట ఒకరు మిగిలేరు, దేవుడికి తెలుసు అన్నారు. జనంలో ఇద్దరు ముగ్గురు అవునన్నారు. సుందరమ్మ కూడా తల ఊపింది. దానానికి గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఇన్నాళ్ళూ దీనికా భయపడింది అనుకున్నాడు. ఏడుస్తూ మోకాళ్ళ మీదే నాగమణి దగ్గరికి జరిగాడు.

నాగమణి కళ్ళు తెరిచింది.

“బాబాయ్” అంది.

ఆ పిలుపుకి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఏమ్మా అంటూ వంగాడు.

“వాళ్ళు వెళ్ళిపోయేక కూడా చెయ్యి ఎందుకు తియ్యలేదండీ?”

ఆవిడ గొంతే అది. కోపం లేదు, ఏడుపు లేదు. బళ్ళో పిల్లల్ని లెక్క అడిగినట్టు అడిగింది. ఆ సంగతి తెలియడానికి ఆరోజు అక్కడ ఇంకెవరున్నారు? బూట్ల చప్పుడు దూరమైపోయింది, పిట్టలు మళ్ళీ కూశాయి. మత్తయి కళ్ళు తెరిచే ఉన్నాయి. అరవనని తల అడ్డంగా ఊపాడు. అరచేతి కింద పెదవులు వెచ్చగా కదిలాయి. చదువు రాని మత్తయికి రెండేళ్ళుగా సువర్ణ ఉత్తరాలు చదివిపెట్టింది దానమే. ప్రతి అక్షరం ఆయనకి నోటికొచ్చు. చెయ్యి తియ్యడానికి ఎంత టైముందో కూడా గుర్తుంది. తియ్యలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు.

“చెప్పండి బాబాయ్.”

చెప్పబోయాడు. నిజమో, ఇంకో అబద్ధమో. ఆయన పెదవులు విడేలోపు మొహం మీద ఏదో పడింది.

తడిగా... చల్లగా... నోరూ ముక్కూ కలిపి.

ఆయన వెల్లకిలా పడ్డాడు. గుండెల మీద ఎవరో కూర్చున్నారు. ఒక పక్క మోకాలు పక్కటెముకల్లోకి దిగింది. రెండో పక్క మోకాలు ఉండాల్సిన చోట మొండి ఎముక గుచ్చుకుంది. కోటు గుండీ తెగి ఎగిరిపడింది. పక్కటెముకలు ఒకటి... రెండు... మూడు విరిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళకి ఆ చప్పుడు వినపడింది. పన్నెండుమంది కాళ్ళూ చేతులూ పట్టుకుని లాగారు. ఆయన్ని నేల మీంచి బెత్తెడు కూడా లేపలేకపోయారు. దానం పళ్ళు దేన్నో కరిచాయి. ఉప్పగా నోరు నిండింది. ఇంకా గట్టిగా కరిచాడు. నేలకి అదిమిన తల వెనక పుర్రె చిట్లి ఇసక ఎర్రబడింది. కళ్ళు బయటికి తేలాయి. నాగమణి సుందరమ్మ ఒళ్ళోంచి లేవకుండా చూస్తూ ఉంది.

పది నిమిషాలు పట్టింది. తర్వాత వాన మొదలైంది.

ఇంటికి తెచ్చి స్నానం చేయించబోతే దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. లాజరు తమ్ముడు చెంచా కాడ పెట్టి తెరిచాడు. పళ్ళ మధ్య మాంసం ముక్క కనిపించింది. మందపాటి తోలు, పారా పట్టి పట్టి కాయలు కాచిన అరచేతి తోలు. అతను వెనక్కి తగ్గి పాస్టరుగార్ని పిలిచాడు. ఆయన దాన్ని రుమాల్లోకి తీసుకుని, దానాన్ని పట్టుకున్న పన్నెండుమందినీ వరండాలో నిలబెట్టి, లాంతరు వెలుగులో చేతులు చూపించమన్నారు. ఇరవైనాలుగు అరచేతులూ చూశారు. ఎవరికీ గీతంత గాయం లేదు. దానం రెండు చేతులూ కూడా తిప్పి చూశారు. అవీ బాగానే ఉన్నాయి.

ఆ ముక్కని ఏం చెయ్యాలో పాస్టరుగారికి తోచలేదు. నాగమణి లోపల్నుంచి వచ్చి చెయ్యి చాపింది. వద్దమ్మా అన్నారు. ఆవిడ చాపిన చెయ్యి తియ్యలేదు. పాస్టరుగారు రుమాలు అందులో పెట్టారు. దానం ఒళ్ళు అప్పటికే చల్లబడి కొయ్యబారింది.

నాగమణి రుమాలు మడతలు మెల్లగా విప్పి, ఆ ముక్క మీద వేలు ఆనించింది.

“ఇంకా వెచ్చగా ఉందండీ” అంది.