అమ్మ పంచిన చామంతి

"చచ్చిపోయిందని మాత్రం చెప్పకండి," అంటూ లిఫ్ట్ మెకానిక్ నర్సరీ బల్ల మీద కుండీ పెట్టాడు. అందులో దారంతో కట్టిన నాలుగు ఎండిన పసుపు చామంతి కొమ్మలు, అంచుదాకా నీళ్ళు.

నర్సరీ మామయ్యది. మొక్కలకు వైద్యం మేనకోడలిది. అందుకే ఆయన ఆమెను డాక్టరమ్మ అంటాడు, ఆ పేరే అందరికీ అలవాటైపోయింది. డాక్టరమ్మ మట్టిలో వేలు పెట్టి చూసి ముఖం చిట్లించింది.

"రోజుకెన్నిసార్లు పోస్తున్నారు?"

"పొద్దున, సాయంత్రం. కుదిరితే మధ్యాహ్నం కూడా."

"మొక్కనుకున్నారా, చేపనుకున్నారా?"

అతను నవ్వలేదు. "అమ్మ పెట్టింది. అమ్మ పోయి రెండు నెలలైంది."

డాక్టరమ్మ నాలుక కరుచుకుంది. వెటకారం కట్టిపెట్టి నెమ్మదిగా చెప్పింది. పూలయ్యాక చామంతి పైన ఎండిపోతుంది, అది చావు కాదు. కొమ్మల్ని మొదలుదాకా కోసేస్తే వేళ్ళ దగ్గర్నుంచి పిలకలొస్తాయి.

"కోయలేకపోయానండి. ఆ దారం అమ్మ కట్టింది."

కొయ్యకపోతే పోయె, నీళ్ళకు వేళ్ళన్నీ కుళ్ళాయి. వెతగ్గా వెతగ్గా డాక్టరమ్మకు ఒక్క పిలక దొరికింది. దాన్ని ఇసుక ట్రేలో నాటి నీడలో పెట్టింది.

"పదిహేను రోజుల్లో వేళ్ళు పడతాయి. అప్పుడు రండి."

మర్నాడే వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"ఏమయ్యా, మా ఆస్పత్రిలో పేషెంటు చామంతా, నువ్వా?" అన్నాడు మామయ్య.

అప్పుడు మొదటిసారి నవ్వాడు. లిఫ్టుల కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. "మధ్యలో ఇరుక్కున్నవాళ్ళు నన్ను తిడతారండి. తలుపు తీసేది నేను, దండం మాత్రం దేవుడికి." డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. అతను వచ్చే వేళకు ఆమె చేతులు కడుక్కుని, జడ సరిచేసుకోవడం మామయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

పన్నెండో రోజు కొత్త ఆకు చూపిద్దామని ట్రేని వెలుతురులోకి తెచ్చింది. రెండు నిమిషాలనుకున్న మాటలు గంటన్నర సాగాయి. అతను వెళ్ళాక కూడా ఆ దారినే చూస్తూ కూర్చుంది. గుర్తొచ్చి పరిగెత్తేసరికి ఎండకు పిలక మాడిపోయింది.

"అదే పసుపు చామంతి మన దగ్గర నలభై ఉన్నాయి," అన్నాడు మామయ్య జాలిగా. "ఒకటి పెట్టివ్వు. ఎవరు కనిపెడతారు?"

ఆమెకు చేతులు రాలేదు. నిజం చెబితే అతను మళ్ళీ గేటు తీయడని తెలుసు. అయినా మర్నాడు చెప్పేసింది.

"మీ అమ్మగారి పిలక పోయిందండి. మీతో మాట్లాడుతూ ఎండలో మర్చిపోయాను. మీరు వెళ్ళాక మీ గురించే ఆలోచిస్తూ మర్చిపోయాను."

అతను ట్రేలో మాడిన పిలకను వేలితో తాకాడు.

"అమ్మగారు ఎవరికీ పిలకలివ్వలేదా?" అంది డాక్టరమ్మ. "చామంతి పెంచేవాళ్ళు పంచకుండా ఉండలేరు."

"తెలీదు. నేను అమ్మను ఎప్పుడూ ఏమీ అడగలేదు."

వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులు రాలేదు. గేటు చప్పుడైతే చాలు, డాక్టరమ్మ లేచి చూసేది. మామయ్య మాట మార్చాలని చూస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

పదో రోజు వాన. అతను తడిసి ముద్దై వచ్చాడు. చేతిలో పాత రంగు డబ్బా, అందులో గుబురుగా చామంతి.

"పదకొండు ఇళ్ళు తిరిగానండి. మా వీధి టైలరుగారి డాబా మీద దొరికింది. అమ్మే ఇచ్చిందట."

డాక్టరమ్మ డబ్బా అందుకుని బల్ల మీద పెట్టింది.

"అందరూ అమ్మ గురించి ఏదో ఒకటి చెప్పారు. ఒకావిడకు ఉత్తరాలు చదివిపెట్టేదట. ఇంకొకరి పిల్లాడికి లెక్కలు చెప్పేదట. నాకేమీ తెలీదు. కొడుకుని నేను. నన్నడిగితే ఒక్క మాట చెప్పలేకపోయాను." ఇక ఆపుకోలేక బల్లకు ఆనుకుని ఏడ్చేశాడు.

ఆమె అతని పక్కన నిలబడింది. "నాకు చెప్పండి. ఏదైనా సరే."

అతను ముఖం తుడుచుకున్నాడు. "గుండీ కుట్టి దారం పంటితో తెంపేది. చొక్కా నా ఒంటి మీదుండగానే. డ్యూటీకి టైమైపోతోందని విసుక్కునేవాణ్ణి."

"ఇంకా?"

"ఇంకా ఉన్నాయేమో. మీరడిగితే గుర్తొస్తాయి. రోజూ అడుగుతారా? మా ఇంట్లో ఉండి?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. "మామయ్యతో మాట్లాడండి. ముందు అమ్మగారి గురించి ఇంకొకటి చెప్పండి."

వాన వెలిసేదాకా అతను చెబుతూనే ఉన్నాడు.