గరుకు కాగితం ఎవరు మార్చారు?

పొద్దున్నే ఓట్స్ జావ తాగి, గిన్నె కడిగి బోర్లించి, వెర్లీన్ కుట్టుగదిలోకి వెళ్లింది. చిన్న మనవరాలు మేబ్రీ ఫోటోలని రంగు కాగితాల మీద అంటించే స్క్రాప్‌బుక్ పేజీ ఒకటి నిన్న సాయంత్రం పరిచి వచ్చింది. అలవాటుగా దాని మీద అరచెయ్యి వేసి, చటుక్కున ఆగిపోయింది.

ఫోటో వెనక తను వేసింది గరుకు కాగితం. ఇప్పుడు చేతికి తగులుతున్నది నున్నగా ఉంది.

ఇది మూడోసారి. మొదటిసారి తన మతిమరుపే అనుకుంది. రెండోసారి అనుమానం మొలకెత్తింది. యూటాలోని ఆ చిన్న ఊళ్లో నలభై ఏళ్లుగా ఏ కాగితం మీద ఏ ఫోటో నప్పుతుందో చెప్పాలంటే అందరూ వెర్లీన్ గడపే తొక్కేవారు. అలాంటి ఆమె పేజీలు దిద్దే మొనగాళ్లు ఇంట్లో ఎవరు?

కొడుకు కర్టిస్, కోడలు జానలీ రెండేళ్లుగా ఇంటి కింది భాగంలోనే ఉంటున్నారు. మొన్న కొక్కేనికి ఉండాల్సిన కారు తాళాలు కనిపించకుండా పోయాయి. అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తను గదిలోకి రాగానే మాటలు ఆగిపోతున్నాయి.

స్నేహితురాలు ఆర్డిత్‌కి ఫోన్ చేసి చెప్పుకుంది.

"మా కోడలూ ఇలాగే మసాలా డబ్బాలతో మొదలుపెట్టింది," అంది ఆర్డిత్. "ఇవాళ కాగితాలు, రేపు కుట్టుగది. ఎల్లుండి నీ మంచం ఎక్కడ వెయ్యాలో కూడా ఆవిడే చెబుతుంది, చూసుకో!"

ఆ సాయంత్రం వెర్లీన్ మళ్లీ గరుకు కాగితమే వేసి, మూలన సూదితో చిన్న చిల్లు పొడిచింది. మర్నాడు తడిమి చూస్తే కాగితం నున్నగా ఉంది. చిల్లు లేదు.

వంటింట్లో జానలీ రొట్టెల పిండి కలుపుతోంది.

"నా కాగితాలెందుకు మారుస్తున్నావు?"

"నేనా? నాకేం తెలుసు అత్తయ్యా!"

"అబద్ధమాడకు. సూదితో గుర్తు పెట్టాను. నా చిల్లేదీ? నన్ను పిచ్చిదాన్ని చేసి, ఈ ఇల్లు చేతిలోకి తీసుకుందామనేగా?"

జానలీ మొహం ఎర్రబడింది. చేతులు కడుక్కుని కిందికి వెళ్లి, ఒక అట్ట సంచీ తెచ్చి బల్ల మీద పెట్టింది. అందులోంచి సూదిచిల్లున్న కాగితం తీసింది.

"మీరు వేసింది ఇదే. దీని మీద ఏముందో చెప్పండి."

వెర్లీన్ వేళ్లతో తడిమింది. "పూలు. తెల్లపూలు."

"పుర్రెలు అత్తయ్యా. దెయ్యాల పండగ, హాలోవీన్ కాగితమిది. మేబ్రీకి చర్చిలో పేరుపెట్టి దీవించిన రోజు ఫోటోని దీని మీద పెట్టారు."

వెర్లీన్ కుర్చీలో కూలబడింది. ఆకులు రాలే కాలం నుంచీ ఏది చూసినా నడిమధ్య తడి సిరాని వేలితో అలికినట్టు ఉంటోంది. కళ్ల డాక్టరు దగ్గరికి రెండుసార్లు రానని చెప్పింది. ఆయన మొట్టమొదట కారు నడపొద్దంటాడని భయం.

"ఒక్క మాట నాతో అంటే ఏం పోయేది?"

"ఎలా అనను? శనివారం చర్చి ఆడవాళ్లంతా వచ్చి మీ పుస్తకం చూస్తారు. వాళ్లు నవ్వితే మీరు తట్టుకోగలరా? తాళాలు దాచింది కూడా నేనే. పోయినవారం ఎదురింటి వాళ్లు రోడ్డు పక్కన పాతుకున్న పోస్టు డబ్బాని కారుతో గుద్దేసి వచ్చారు. మీకు తెలియను కూడా తెలియలేదు. నేనూ కర్టిసూ వెళ్లి కొత్తది పాతి వచ్చాం."

వెర్లీన్ కాగితం మూలన సూదిచిల్లుని వేలికొసతో తడుముకుంది.

"నీ గురించి ఆర్డిత్‌తో ఎన్నెన్ని మాటలన్నానో..."

"తెలుసు. ఆవిడ గొంతు కిందిదాకా వినిపిస్తుంది."

వెర్లీన్ నవ్వబోయింది, కానీ ఏడుపొచ్చింది. జానలీ కడుక్కున్న చేతులనే గౌనుకు మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"రేపు డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఈసారి వస్తాను," అంది వెర్లీన్. ఆ తర్వాత, ఎన్నాళ్లుగానో దాచుకున్న ప్రశ్న అడిగింది. "ఆ ఫోటోలో... పిల్ల ఏడుస్తోందా, నవ్వుతోందా? నాకు మొహం ఆనట్లేదు."

జానలీ కళ్లు నిండాయి. ఫోటో చేతిలోకి తీసుకుంది.

"రెండూ కాదు. ఆవలిస్తోంది. చర్చి పెద్దాయన దీవిస్తుంటే ఇంత నోరు తెరిచి!"

"అచ్చం వాళ్ల నాన్న, మా కర్టిసే!" వెర్లీన్ చెంపలు తుడుచుకుని, కాగితాల కట్ట కోడలి ఒళ్లోకి జరిపింది. "అయితే ఆవలించే పిల్లకి ఏది బావుంటుందో చూడు. ఒక్కొక్కటీ తీసి చెప్పు. ఊరికే పసుపు, నీలం అంటే కుదరదు. ఎలాంటి పసుపో చెప్పాలి."

జానలీ ఒక కాగితం కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టింది.

"ఇది... వేడి రొట్టె మీద వెన్న అప్పుడే కరుగుతున్నప్పటి పసుపు."

"ఊఁ," అంది వెర్లీన్ కళ్లు మూసుకుని. "తర్వాతది?"