సున్నం తగలని జాజికాయ

"కత్తి తీసుకెళ్ళొద్దురా," అన్నాడు సలామున్ పెద్దనాన్న.

లతార్‌కు ఆ మాట మింగుడుపడలేదు. జాజికాయలు పండే బందా దీవుల్లో, ఆ వ్యాపారం కోసం వచ్చిన తెల్లదొరల కంపెనీవాళ్ళు ఊరు తగలబెట్టి పెద్దలను నరికిన రోజున పడవ అడుగున దాక్కుని తప్పించుకున్నవాడు అతను. ఆ పెద్దల్లో అతని తండ్రి ఒకడు. కెయి దీవిలో తలదాచుకుని ఇన్నేళ్ళూ అతను కలగన్నది అక్కడి కంపెనీ కోటలోని కెప్టెన్ గొంతు కోయడం గురించే.

"వాణ్ణి చంపితే ఇంకొకణ్ణి పంపుతారు. మీ నాన్నను దేనికోసం చంపారో దాన్నే వాళ్ళ చేతుల్లోంచి లాగెయ్యాలి. మొలకెత్తే జాజిగింజలు పట్టుకురా. మన నేలలో నాటుదాం. అందరి దగ్గరా దొరికే సరుక్కి కోటలెందుకు, ఫిరంగులెందుకు?"

అదీ మిషన్. కంపెనీ మాత్రం ప్రతి జాజికాయనూ సున్నంలో ముంచిగానీ దీవి దాటనివ్వదు. సున్నం తగిలిన గింజ మొలవదు. సున్నం లేని గింజతో దొరికినవాడికి ఉరి.

లతార్ సాగో చెట్టు పిండితో చేసే గట్టి రొట్టెల వ్యాపారి వేషంలో, బందాలో కోట ఉన్న నీరా రేవులో దిగాడు. పడవలో దారి తిండికని ఒక బోను నిండా అడవి పావురాలు. పట్టు గౌను వేసుకున్న ఒక ఆడమనిషి వచ్చి రొట్టె చేతిలోకి తీసుకుంది.

"మెత్తగా ఉందా?"

"పళ్ళూడితే నా పూచీ కాదు."

కోడ్ సరిపోయింది. ఆమె ఇనేస్. కెప్టెన్ ఇంటి పెత్తనమంతా ఆమెదే. కెప్టెన్‌కు ఊరి కబుర్లు మోసేదీ, కెయి మనుషులకు కోట కబుర్లు చేరవేసేదీ ఆమే. డబుల్ ఏజెంట్. నిజానికి ఎవరి మనిషో పెద్దనాన్నకే తెలియదు.

వంటకు పనికొస్తాయేమో చూస్తానని ఆమె పావురాల బోను కెప్టెన్ ఇంటికి మోయించుకుపోయింది. బక్క పావురాలు, వంటవాడు వద్దన్నాడంటూ మధ్యాహ్నానికి తిప్పి పంపింది. ఈలోగా కెప్టెన్ పెరట్లో పండి పగిలిన జాజికాయల గింజలన్నీ వాటి కడుపుల్లోకి చేరాయి. ఈ పావురం గింజను పైనున్న ఎర్రటి జాపత్రితో సహా మింగుతుంది. జాపత్రిని అరిగించుకుని గింజను చెక్కుచెదరకుండా వదిలేస్తుంది. బందాలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి. సముద్రాలు దాటి వచ్చిన కెప్టెన్‌కు తెలియదు.

పడవ తాడు విప్పుతుండగా కెప్టెన్ సిపాయిలతో వచ్చాడు. పక్కన ఇనేస్.

"వీడు గింజల దొంగట. రొట్టెల్లో దాచాడని ఇనేస్ చెప్పింది. వెతకండి."

లతార్ ఒళ్ళు మండిపోయింది. కత్తి వద్దన్న పెద్దనాన్నను మనసులోనే తిట్టుకున్నాడు. సిపాయిలు బోనును రేవు పలకల మీదికి దించి పడవ అడుగంతా తడిమారు. రొట్టెలను రాళ్ళకేసి కొట్టి పగలగొట్టారు. అతని జుట్టు కూడా విప్పి చూశారు. ఏమీ దొరకలేదు.

అప్పుడు ఒక పావురం రెట్ట వేసింది. నిగనిగలాడే నల్లటి గింజ చువ్వల సందులోంచి జారి, పలకల మీద దొర్లుతూ కెప్టెన్ బూటు వైపు వెళ్ళింది.

ఇనేస్ ఒక్క అడుగు ముందుకేసింది. పట్టు గౌను అంచు గింజను కప్పేసింది.

"ఈ ఎండలో నన్నెంతసేపు నిలబెడతారు దొరగారూ? తప్పుడు కబురు చెప్పినవాడి సంగతి నేను చూసుకుంటాలెండి. వీణ్ణి పోనివ్వండి."

కెప్టెన్ విసుగ్గా చేయి ఊపి వెనుదిరిగాడు. ఆమె బోనును కాలితో పడవ వైపు నెట్టి గొంతు తగ్గించింది.

"కెప్టెన్ స్వయంగా వెతికించిన పడవను కాపలా ఓడలు మళ్ళీ ఆపవు అన్నా. మా అమ్మ కూడా ఆ ఊళ్ళోనే తగలబడిపోయింది. గింజలు లోతుగా నాటండి."

కోట కనుమరుగయ్యాక లతార్ బోను ముందు గొంతుక్కూర్చుని, రెట్టలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గింజలు ఏరడం మొదలుపెట్టాడు. పగ తీర్చుకోవడం ఇంత కంపు కొడుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.