బొమ్మల తాళం

"నోటితో చెప్పి చెవులతో వినే కతలకి, కండ్లతో తెరిచే తాళం ఏసిన మహానుభావుడివి నువ్వేనా అప్పా?"

రేణు ఫోన్‌లో నిలదీస్తున్నది లోహిత్‌ని. విజయవాడ నుంచి హోసూరుకు ఉద్యోగానికొచ్చి, తీరిక వేళల్లో 'కథల కచ్చేరి' అనే ఆన్‌లైన్ గుంపు నడుపుతున్న ఘనుడు అతనే.

రేణుది ఆ పక్కనే ఉన్న అత్తిముగం ఊరు, హోసూరులో బ్యాంకు ఉద్యోగం. పుట్టుకతో చూపు లేదు. ఫోన్ చదివి వినిపిస్తుంటే పనులన్నీ తనే చేసుకుంటుంది. అవ్వ చెప్పిన కథలు తన గొంతుతో ఆ గుంపులో చెప్పాలని ఆమెకు ఎంతో ఆశ. చేరబోతే మాత్రం, నువ్వు మనిషివైతే ఆటోలున్న బొమ్మలు తాకు అంది వెబ్‌సైట్.

"పక్కన ఎవరినైనా అడగండి మేడమ్. ఒక్క నిమిషం పని."

"నువ్వు పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు పక్కింటోళ్ళని పిలుస్తావా?"

"అది... సెక్యూరిటీ కోసమండి."

"నేనేమన్నా దొంగదాన్నా? కత చెప్పేదానికి వచ్చినాను."

వారం తర్వాత అతనే ఫోన్ చేశాడు. బొమ్మలకు తోడు శబ్దం కూడా పెట్టాడట! రేణు విన్నది. గరగరమనే రొదలో ఎవరో అంకెలు గొణుగుతున్నారు.

"బస్టాండులో కండక్టర్లందరూ ఒగేసారి అరిచినట్లుంది. దీన్ని నువ్వు విన్నావా?"

"వినలేదండి."

"ఎందుకు వింటావులే? నీకు కండ్లుండాయి కదా."

అబద్ధం చెప్పలేదన్న ఒక్క కారణానికి ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. తిట్లు అయిపోయాక కూడా మాటలు సాగాయి. పోనుపోను సాయంత్రాలు అతని ఫోన్ కోసం ఎదురుచూడటం అలవాటైంది. ఆ సంగతి రేణుకే నచ్చలేదు.

ఒక వానసాయంత్రం బ్యాంకు ముందున్న టీకొట్టు దగ్గర ఇద్దరూ కలిసినప్పుడు అతని గొంతు ఉత్సాహంగా వినిపించింది.

"సర్‌ప్రైజ్! మీ పేరుతో నేనే అకౌంట్ తెరిచేశాను. పాస్‌వర్డ్ కూడా పెట్టేశాను!"

రేణు గ్లాసు కింద పెట్టింది.

"తలుపు తియ్యప్పా అంటే, నన్ను ఎత్తుకొని పోయి లోపల కూసోబెడతావా? రేపు ఊత్తంగరై నుంచి నాలాంటి ఇంగొకామె వస్తే, ఆమెనీ ఎత్తుకొస్తావా?"

ఇంతకాలం ఇన్ని కబుర్లు విని ఈ పెద్దమనిషికి అర్థమైంది ఇదన్నమాట! మనసిచ్చినవాడు కూడా అందరిలాంటివాడే అయ్యేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. కర్ర తీసుకొని వానలోనే వెళ్ళిపోయింది.

చాలా రోజులు ఫోన్ లేదు. తర్వాత మెసేజ్ వచ్చింది. "ఆ అకౌంట్ తీసేశాను. బొమ్మలూ శబ్దమూ రెండూ పీకేశాను. వీలైతే మీరే ప్రయత్నించండి."

నమ్మకం లేకుండానే తెరిచింది. పేరు అడిగితే రాసింది. మెసేజ్‌లో కోడ్ వస్తే ఫోన్ చదివి వినిపించింది, అదీ కొట్టింది. "స్వాగతం, రేణు" అన్నది ఫోన్. ఆ రాత్రే అవ్వ కథ చెప్పింది.

మర్నాడు బ్యాంకు బయట లోహిత్ నిలబడి ఉన్నాడు.

"కథ విన్నాను. తప్పు నాదే రేణు గారూ. మీరంటే నాకు చాలా ఇష్టం. కెలవరపల్లి డ్యామ్ దాకా వస్తారా? జాగ్రత్తగా తీసుకెళ్తాను" అంటూ చెయ్యి పట్టుకున్నాడు.

రేణు విదిలించుకుంది. "ఈ పొద్దుకీ బుద్ధి రాలేదా నీకు? నా చెయ్యి నువ్వు పట్టుకోగూడదు."

"సారీ అండి..." అంటూ అతను వెనక్కి జరిగాడు.

"నీ మోచెయ్యి నేను పట్టుకుంటా. నువ్వు అరడుగు ముందు నడువు. ఎప్పుడు వదలాలో నేను చూసుకుంటా."

అతను మోచెయ్యి చాపాడు. అరడుగంటే ఇంతేనా అని రెండుసార్లు అడిగాడు.

"ఏమప్పా, భయమా?"

"అవునండి."

"ఉండనీ, మంచిదే" అంటూ రేణు గట్టిగా పట్టుకుంది.