చిలప పట్టిన చేతులు

దయాకర్ ముఖం కన్నా ముందు అతని ఎడమచేతి చూపుడువేలు భావనకు పరిచయమైంది. అదీ ఆమె కుట్టుమిషన్ సూది కింద.

కోదాడలో ఆ రోజు ఎండ పెళ్లున కాస్తోంది. సూర్యాపేట నుంచి వచ్చిన మెకానిక్ వంగి బాబిన్ దగ్గర ఏదో చూస్తున్నాడు. వీడియో తీద్దామని ఫోన్ స్టాండు సర్దుకుంటూ భావన పొరపాటున పెడల్ మీద కాలేసింది. మోటారు గుర్రుమంది. సూది అతని గోరులోంచి దిగింది.

"పెడల్ మీద కాలు పెట్టకుండ్రి అని మూడుసార్లు చెప్పిన కద మేడం!"

"నాలుగోసారి కూడా చెప్పాల్సింది!" అని అరిచి, అరిచిన వెంటనే భావన ఏడ్చేసింది.

ఏడవాల్సినవాడు ఏడవలేదు. రక్తం కారే వేలిని పట్టుకుని, "మోటారు మంచిగనే నడుస్తుంది. రిపేర్ అయిపోయినట్టే," అన్నాడు.

దవాఖానకు వెళ్లేలోగా దూది పెట్టి, తన తెల్ల కాటన్ నూలుతోనే కట్టు కట్టింది భావన. వేలు మానింది. గోరు మాత్రం నడిమధ్యలో సన్నటి చీలికతోనే పెరిగింది.

ఆ తర్వాత, బాగైపోయిన మిషన్ కోసమే మెకానిక్ నాలుగుసార్లు వచ్చాడు. నూనె వెయ్యాలన్నాడు. బెల్టు చూడాలన్నాడు. నాలుగోసారి ఏ వంకా దొరక్క, "ఇటు పోతున్న, అట్లనే చూసి పోదామని," అన్నాడు. సూర్యాపేట నుంచి ఎటు పోయేవాడికైనా భావన వాళ్ల సందు దారి కాదు.

అమ్మమ్మ వెంకటమ్మ టీ గ్లాసు చేతికిస్తూ, "ఈ అబ్బాయికి మన మిషన్ మీద మమకారం జాస్తిగా ఉందే," అంది. భావన నూలుఉండ వెతుక్కునే నెపంతో మంచం కింద దూరింది.

* * *

భావనకు ఒక చిన్న ఛానెల్ ఉంది. క్రోషే, కుట్లు, పాత చీరలతో సంచులు. మూడేళ్ల కింద పెట్టిన మొదటి వీడియోను ఏడుగురు చూసినట్టు లెక్క పడింది. అందులో అయిదుసార్లు చూసింది అమ్మమ్మే. అప్పుడే కింద ఒక కామెంటు వచ్చింది:

"మూల తిరిగిన కాడ ఒక గొలుసు ముడి ఎక్కువేసినవ్. గని చెయ్యి మంచిగుంది. ఆపకు."

రాసింది మిర్యాలగూడ రూప. బియ్యం వ్యాపారం ఇంటి పిల్ల, మాట కరుకు, అల్లిక మెత్తన. అప్పటికే ఆమె వీడియోలు వేలమంది చూసేవారు. అంతమందిని వదిలి ఈ ఏడుగురి ఛానెల్‌కు వచ్చి తప్పు చెప్పింది, ఆపకు అంది. భావన ఆపలేదు. కొలత తప్పినా, కామెంట్లలో ఎవడో వెటకారం చేసినా, ముందు రూపకే ఫోన్. రూప ముందు తిట్టేది, తర్వాత ఎలా సరిచెయ్యాలో చెప్పేది.

ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒక దుప్పటి మొదలుపెట్టారు. వాళ్ల అల్లికల గుంపులో అందరికన్నా పెద్దదైన సూర్యాపేట ఊర్మిళక్కకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు పదహారు చదరపు ముక్కల దుప్పటి. ఒక్కొక్కరూ ఎనిమిది ముక్కలు, ఒక్కొక్కటి ఆరంగుళాలు. అన్నీ అతికి వీడియో పెట్టడం రూప వంతు.

భావన నాలుగు ముక్కలు అల్లింది. అయిదోదానికి కొత్త నూలు విప్పాలి. నూలు వలయంలా మడిచిన చిలపలుగా వస్తుంది. ఒకరు రెండు చేతులూ చాపి దాన్ని పట్టుకోవాలి, ఎదురుగా కూర్చుని ఇంకొకరు ఉండ చుట్టాలి. భావన నాన్నది మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ, అమ్మది అంగన్‌వాడీలో డ్యూటీ, అమ్మమ్మకు భుజాల నొప్పి. అందుకని చిలపను కుర్చీ వీపుకు తగిలించి చుట్టుకునేది. "మా ఇంట్లో కుర్చీయే నా మనిషి," అని ఒక వీడియోలో నవ్వుతూ అంది కూడా.

ఒకే ఒక్కసారి ధైర్యం చేసి దయాకర్‌ను అడిగింది. "కాస్త ఇది పట్టుకుంటారా?"

అతను తన చేతులు చూసుకుని వెనక్కి లాక్కున్నాడు. "వద్దు మేడం. చేతులకు గ్రీజుంది. తెల్ల నూలు ఖరాబైతది."

భావన కుర్చీని లాక్కుంది.

* * *

ఆ తర్వాత వారానికి రూప కొత్త వీడియో పెట్టింది. వాళ్ల వీడియోల్లో ముఖాలుండవు, చేతులే ఉంటాయి. రూప గాజుల చేతులు ఉండ చుట్టుతున్నాయి. ఎదురుగా చిలప పట్టుకుని రెండు మగ చేతులు. నూలు ఎటు లాగితే అటు మెల్లగా వంగుతున్నాయి, పాలు తాగే పిల్లను ఊపినట్టు.

భావన మురిసిపోతూ చూసింది. ఎడమచేతి చూపుడువేలు తెర మీదికి వచ్చేదాకా.

గోరు నడుమ చీలిక.

వెనక్కి జరిపి మళ్లీ చూసింది. పద్నాలుగుసార్లు చూసింది. పద్నాలుగుసార్లూ ఆమె గుండెను పొడిచింది ఆ గోరు కాదు. ఆ చేతులు శుభ్రంగా ఉండటం. గోళ్ల సందుల్లో కూడా గ్రీజు లేదు. తళతళా మెరుస్తున్నాయి.

"మిర్యాలగూడలో సబ్బు దొరుకుతుందన్నమాట," అనుకుంది. "కోదాడలోనే దొరకదు."

పళ్లు బిగబట్టి కామెంటు రాసింది: "చేతులు ఎవరివి రూపా?"

నిమిషంలో జవాబు. "సీక్రెట్!" పక్కన కన్నుకొట్టే బొమ్మ.

రూప వాళ్లది మేడ ఇల్లు, మేడ మీద ఏసీ గది, ఆ గదిలో నాలుగు మిషన్లు. తన ఇంట్లో ఒక మిషన్, ఒక కుర్చీ. మెకానిక్ ఎటు మొగ్గుతాడో లెక్క కట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు. తన ఏడుగురి ఛానెల్‌ను చేయి పట్టి నడిపించిన మనిషే ఇప్పుడు ఈ చేతులను కూడా పట్టుకుపోయిందా? అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అనుకోవడం మానలేదు.

సాయంత్రం దయాకర్ మెసేజ్ పెట్టాడు. "మిషన్ ఎట్లుంది?"

"బాగుంది."

"మీరెట్లున్నరు?"

"మిషన్ కంటే బాగున్నా. ఇటు రానక్కర్లేదు."

మిగిలిన నాలుగు ముక్కలు రెండు రోజుల్లో అల్లేసింది. ఒక్కో ముడినీ రూప గాజుల చేతుల ఎదుట ఆ చీలిక గోరును తలచుకుంటూ లాగింది. కొక్కెం సూది దూరడానికి సందులేక కిర్రుమంది. ఎనిమిదీ ఒక కవర్లో పెట్టి, కొలవకుండా బస్సు పార్సిల్లో మిర్యాలగూడకు పంపేసింది. రూప ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ ఎత్తలేదు.

* * *

మూడో రోజు పొద్దున రూపే దిగింది. నేరేడుచర్ల మీదుగా బస్సులో నిలబడి వచ్చిందట, ముఖం ఎర్రగా ఉంది. చెప్పులు విప్పుతూనే సంచిలోంచి ముక్కలు తీసి మంచం మీద పరిచింది, మెడలోని టేపు లాగింది.

"గీ నాలుగు ఆరంగుళాలు. గీ నాలుగు అయిదుంబావు. సూది మార్చినవా?"

"లేదు."

"నూలు మారిందా?"

"లేదు."

"మరి ఏం మారిందే? పట్టుకొని సూడు, అట్టముక్క తీర్గ ఉంది. గీన్ని బిడ్డ మీద కప్పితె ఒళ్లు గీరుకపోతది. ఎవరి మీద కోపమో ఊర్మిళక్క బిడ్డ మీద పరుస్తవా?"

అమ్మమ్మ తలుపు దగ్గర కూర్చుని వక్క కొరుకుతూ, "ఫోనులో ఏవో చేతులు చూసిన కాడినుంచి దీని తిండి సరిగా లేదమ్మా," అంది.

"అమ్మమ్మా!"

"ఏం చేతులు?" అంది రూప. తర్వాత ఆమెకు వెలిగింది. "ఆఁ... ఆ చేతులా! నలభైవేలమంది జూసిండ్రు ఆ వీడియో. ఒక్కరు గుర్తుపట్టలే. నువ్వెట్ల పట్టినవే?"

భావన చెవులు ఎర్రబడ్డాయి. "గోరు... గోరు చీలి ఉంటే..."

"గోరు గోరు గుర్తువెట్టుకున్నవా! ఇగ ఖతం!" రూప పకపకా నవ్వింది. నవ్వి, ఉన్నట్టుండి ఆపేసింది. ఆమె గొంతు మారింది. "నవ్వొస్తుంది గని, బాధ కూడ అయితుందే. మూడేండ్ల సంది ఒక ముడి తప్పితె నాకు ఫోన్ జేస్తవ్. గింత పెద్ద మాట మనసుల వెట్టుకొని నన్నడగవా? నేను దొంగనా నీకు?"

"అడిగితే... అవునంటావేమోనని భయమేసింది."

అంతే, భావనకు కన్నీళ్లు ఆగలేదు. రూప పక్కన కూర్చుని తల మీద ఒక్కటి మొట్టింది. తర్వాత అక్కడే చెయ్యి వేసి నిమిరింది.

"ఆ చేతుల సంగతి నేను జెప్ప. మాటిచ్చిన. నువ్వు ముందు గీ నాలుగు ఇప్పు."

ఇద్దరూ మంచానికి చెరోవైపు కూర్చుని ముక్కలు విప్పారు. కోపంతో వేసిన ముడులు రావడానికి మొండికేశాయి. విప్పిన నూలంతా వంకర్లు తిరిగింది, బ్యూటీపార్లర్లో జుట్టు రింగులు చేయించుకున్న కొత్త పెళ్లికూతురిలా. ఆ వంకర్లు పోవాలంటే నూలును మళ్లీ చిలపగా చుట్టి, ఉతికి, ఆరెయ్యాలి. కుర్చీకి చుట్టారు, ఉతికారు, దండెం మీద వేశారు. కోదాడ ఎండకు రెండు గంటల్లో ఆరిపోయింది. రూప పక్కకు వెళ్లి ఎవరితోనో ఫోన్‌లో, "అయిందా? అయితె ఇయ్యాల్నే పట్టుకరా. ఈడ పరేషాన్ ఉంది," అంది.

* * *

నాలుగింటికి మబ్బు పట్టి, అయిదింటికి వాన దంచింది. ఆ వానలో బండి ఆగింది. దయాకర్ నిలువునా తడిసిపోయి, గోనెసంచిలో చుట్టిన దాన్ని మాత్రం పసిబిడ్డలా గుండెకు హత్తుకుని వసారాలోకి పరుగెత్తుకొచ్చాడు.

"గొడుగు లేదా నాయనా?" అంది అమ్మమ్మ.

"ఉండె అమ్మమ్మా. గిదే," అని సంచి విప్పాడు.

పాత కుట్టుమిషన్ చేతిచక్రం. దాని మీద గొడుగు ఊచలు పువ్వులా తెరుచుకుని ఉన్నాయి. చిలపను వాటికి తొడిగి చక్రం తిప్పితే నూలు దానంతటదే వచ్చేస్తుంది.

"చిలప ఎంత ఎడల్పు ఉండాలె, ఎంత వంగితె నూలు తెగదు, అవన్ని కొలవాలె గద," అన్నాడు నేల చూస్తూ. "రూప మేడం మిషన్ రిపేర్‌కు పోయినప్పుడు పట్టి చూసిన. నిమ్మకాయ, సర్ఫు పెట్టి మూడుసార్లు కడుక్కున్న. చెప్పొద్దు అని నేనే అన్న."

"నా దగ్గర గ్రీజు అన్నారు?"

"ఆ రోజు పద్నాలుగు మిషన్లు చేసి వచ్చిన. మీ నూలుకు ఒక్క మచ్చ పడ్డా, మళ్ల రానిస్తరా?" అని ఆగాడు. "నేను ఇంటికి పోయి మీ వీడియో చూస్తె, మీరేమో కుర్చీయే నా మనిషి అంటున్నరు. ఆ కుర్చీ మీద నాకెంత కోపమొచ్చిందో మీకేం తెలుసు? తిండి గూడ తినబుద్ధి కాలే."

భావన నోరు తెరిచింది. ఇన్నాళ్లూ కుళ్లుకుంది తానొక్కతే అనుకుంది. ఇక్కడొకడు చెక్క కుర్చీని చూసి కుళ్లుకున్నాడు.

"ఒక మిషన్ చేసిచ్చినోడు ఇంత చెప్తడు గని అసలు మాట జెప్పడు," అని రూప అందించింది.

"చెప్తున్న!" అన్నాడు దయాకర్. తడిసిన జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. "నీ మిషన్ ఏనాడో బాగైంది భావనా. బాగుకానిది నేనే."

అతను 'మీ' అనకుండా 'నీ' అన్నాడని ఇద్దరూ ఒకేసారి గమనించారు.

భావన దండెం మీద నుంచి తీసిపెట్టిన చిలప తెచ్చి ఊచలకు తొడిగింది. చక్రం తిప్పింది. మూడు నిమిషాల్లో ఉండ తయారు. రూప చప్పట్లు కొట్టింది. భావన ఆ చక్రాన్ని మళ్లీ గోనెసంచిలో చుట్టి రూప ఒళ్లో పెట్టింది.

"ఇది నువ్వు తీసుకుపో."

దయాకర్ ముఖం వాడిపోయింది. "నచ్చలేదా?"

"చాలా నచ్చింది. అందుకే. ఇది మిర్యాలగూడలో ఉంటే ఇంక అక్కడ ఎవరి చేతులతోనూ పనిపడదు."

"ఓసి నీ!" అని రూప నోటి మీద చెయ్యి వేసుకుంది.

"మరి ఈడ?" అన్నాడు దయాకర్.

భావన కుర్చీ మీదున్న రెండో చిలపను తీసింది. కుర్చీని కాలితో వసారా చివరికి తోసేసింది. "చేతులు కడుక్కుని రా. నిమ్మకాయ ఇంట్లో ఉంది."

"సబ్బు కుళాయి కాడుంది నాయనా," అంది అమ్మమ్మ తాపీగా. "ఈసారి వచ్చేటప్పుడు మీ నాన్నను కూడా తీసుకురా. మా అల్లుడికి ఆదివారం సెలవే. మిషన్ బాగానే ఉందనుకో, అయినా మీ నాన్న చూసి పోతాడు."

* * *

ఆదివారం దయాకర్ నాన్న సైదయ్య వచ్చాడు, నిజంగానే మిషన్ చూశాడు, నూనె కూడా వేశాడు. పెద్దవాళ్లు లోపల మాట్లాడుకుంటుంటే రూప వసారాలో టేపు తీసి కొత్త ముక్కలు కొలిచింది. ఒకటి కొలిచింది. రెండోది కొలిచింది. నెత్తి కొట్టుకుంది.

"ఏందే ఇది! ఆరున్నర ఉన్నయ్! వల తీర్గ జారుతున్నయ్. ముడి ఏసేటప్పుడు సూది దిక్కు సూసినవా, ఇంకో దిక్కు సూసినవా?"

భావన నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది.

"నవ్వకు! నాలుగూ మళ్ల ఇప్పాలె. ఇప్పి, ఉతికి, ఆరేసి, మళ్ల చిలప పట్టి చుట్టాలె. ఎవరు పడుతరు?"

దయాకర్ అప్పటికే కుళాయి దగ్గర సబ్బు రుద్దుకుంటున్నాడు.