తప్పుగా చేసిన తప్పు

కసిల్యాస్ నుంచి వచ్చిన మధ్యాహ్నపు ఫెర్రీ లిస్బన్ రేవులో ఆగింది. జనమంతా దిగిపోయారు. కిటికీ పక్కన ఒక్క మనిషి మాత్రం లేవలేదు. గాజుకి తల ఆన్చి నదిని చూస్తున్నట్టే ఉన్నాడు. టికెట్ కలెక్టర్ భుజం తట్టాడు. ఆ మనిషి పక్కకు ఒరిగిపోయాడు. చెవి వెనక సూది గుచ్చినంత ఎర్రటి చుక్క.

అతని పేరు అన్సెల్ము. సీక్రెట్ సర్వీస్ కొరియర్.

గంట తర్వాత ఇల్దా ఫ్రగోజు బైషా వీధిలో గొడుగుల దుకాణంలోకి అడుగుపెట్టింది.

"ఎడమచేతి వాళ్ల గొడుగులున్నాయా?"

"ఉన్నాయి. కానీ వాన వెలిశాకే అమ్ముతాం," అన్నాడు దుకాణదారు. వెనక తలుపు తెరిచాడు.

లోపల చీఫ్ కింతెలా నిలబడే ఉన్నాడు. ఆయన నిలబడి మాట్లాడితే కబురు చెడ్డదని ఇల్దాకి తెలుసు.

"అన్సెల్ము పోయాడు."

ఇల్దా కళ్లు మూసుకుంది. ఈ ఉద్యోగంలో మొదటి ఏడాది ఆమెకి పని నేర్పినవాడు అన్సెల్ము.

"ఎవరు?"

"నార్డ్ ముఠా. ఇక్కడివాళ్లలా తయారుచేసిన మనుషుల్ని దించి విధ్వంసాలు చేయించే ఆ విదేశీయులే. అన్సెల్ము టోపీ లైనింగ్‌లో ఇది దొరికింది."

చిన్న కాగితం. కంగారు రాత. 'కంట్రోల్ టవర్‌లో వాళ్ల మనిషి ఉన్నాడు. ఇంగ్లీష్ క్లాసులో ముగ్గురిలో ఒకరు. గురువారం.'

నదిలోకి వచ్చే ప్రతి ఓడకీ రాడార్‌లో చూసి రేడియోలో దారి చెప్పేది ఆ టవరే. కొత్తగా చేరిన ముగ్గురికి అక్కడ రోజూ పొద్దున ఒక గంట ఇంగ్లీష్ చెప్పిస్తున్నారు.

"పుట్టుపూర్వోత్తరాలు చూశారా, సార్?"

"ముగ్గురూ మన పాత వలస అంగోలా నుంచి తిరిగొచ్చిన పోర్చుగీసువాళ్లే. మూడేళ్ల కిందట, డెబ్భై అయిదులో, అక్కడ స్వాతంత్ర్యం వచ్చినప్పుడు, లక్షలమందితో పాటు ఓ సూట్‌కేసుతో దిగారు. రికార్డులన్నీ అక్కడి రాజధాని లువాండాలో ఉండిపోయాయి. ఎవడు ఎవడి పేరు పెట్టుకున్నా మనకి తెలీదు. నువ్వు తొమ్మిదేళ్లు బళ్లో ఇంగ్లీష్ చెప్పావు కదా?"

"చెప్పాను."

"రేపు మళ్లీ చెబుతున్నావు. వాళ్ల సారుకి జ్వరం."

"పాపం, ఎప్పట్నుంచి?"

"రేపు పొద్దున్నించి."

మంగళవారం ఇల్దా దళసరి కళ్లద్దాలు, మోచేతుల దగ్గర నలిగిన గోధుమరంగు స్వెట్టర్ వేసుకుని క్లాసులోకి వెళ్లింది. చంకలో లావుపాటి డిక్షనరీ. దాని కడుపులో పేజీలు లేవు. టేప్‌రికార్డర్ తిరుగుతోంది.

ముగ్గురినీ చూసింది. బెల్మీరు, ఓడలకి దారి చూపే పైలట్‌ని తీసుకెళ్లే పడవకి మెకానిక్. కుర్చీ సరిపోనంత మనిషి. కుస్తోదియు, రాడార్ ఆపరేటర్. సన్నగా, మొహమాటంగా, టీచర్ కోసం సెతూబల్ నారింజలు తెచ్చాడు. ఒదెత్, రేడియో ఆపరేటర్. ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్, గదంతా నిండిన సెంటు, ఆ జీతానికి రాని చేతిగడియారం.

మొదటి ప్రశ్న ఒదెత్‌దే. "పాత సారు నిన్న క్లాసయ్యాక నవ్వుతూ వెళ్లారే! అంతలోకే జ్వరమా, టీచర్‌గారూ?"

"జ్వరం చెప్పి వస్తుందా అమ్మా?"

"మీరూ చెప్పకుండానే వచ్చారు."

ఇల్దా నవ్వింది. డిక్షనరీని బల్ల మీద పెట్టి చాక్‌పీసు అందుకుంది. ఇంతలో బెల్మీరు చెయ్యి డిక్షనరీ మీద పడింది.

"ఒక్క మాట చూసుకుని ఇచ్చేస్తా."

ఆ చేతి మీద ఇల్దా చురుక్కుమనేలా కొట్టింది. "ముందు మీ బుర్రలో వెతకండి. అక్కడ లేకపోతే అప్పుడు చూద్దాం."

"మా అమ్మ కూడా ఇలాగే కొట్టేది," అని బెల్మీరు చెయ్యి రుద్దుకున్నాడు.

లువాండా కబుర్లు మొదలుపెట్టింది. సినిమా హాళ్లు, సముద్రపు ఒడ్డున షికార్లు, పామాయిలు కోడికూర. ముగ్గురూ తడుముకోకుండా చెప్పారు. యాసలో, సామెతలో, బూతులో ఎక్కడా వంక లేదు. నార్డ్ వాళ్ల ట్రైనింగ్ అలాంటిది. పోర్చుగీసులో ఈ మనిషి దొరకడని ఆమెకి అర్థమైంది.

క్లాసు వదిలాక కిటికీలోంచి చూసింది. ఒదెత్‌ని ఒక నల్లకారు ఎక్కించుకుని పోయింది. విదేశీ నంబరు ప్లేటు.

బుధవారం ఇల్దా బోర్డు మీద సెకండ్ కండిషనల్ అని రాసింది. లేనిదాన్ని ఉన్నట్టు అనుకుని చెప్పే వాక్యం. మొదటి సగంలో భూతకాలం, రెండో సగంలో 'వుడ్'.

"రేపు మీకు సెలవిస్తే ఏం చేస్తారు? ఆలోచించకూడదు. టకటకా చెప్పాలి. బెల్మీరు!"

"ఇఫ్ ఐ హ్యాడ్ ఎ హాలిడే, ఐ స్లెప్ట్!"

"ఒదెత్!"

"ఇఫ్ ఐ హ్యాడ్ ఎ హాలిడే, ఐ బాట్ షూస్."

పోర్చుగీసు వాళ్ల తప్పే అది. ఇంట్లో, వీధిలో వాళ్లు ఇలాంటి వాక్యంలో రెండో సగాన్ని మామూలు భూతకాలంతోనే లాగించేస్తారు. అదే ఇంగ్లీషులోకి మోసుకొస్తారు. 'వుడ్' మింగేస్తారు. తొమ్మిదేళ్లలో ఇల్దా ఈ తప్పును ఎన్ని వందల నోట్‌బుక్కుల్లో దిద్దిందో.

"కుస్తోదియు!"

"ఇఫ్ ఐ వుడ్ హావ్ ఎ హాలిడే, ఐ వుడ్ విజిట్ మై మదర్."

ఇల్దా చేతిలో చాక్‌పీసు ఆగింది. ఇతనూ తప్పే చెప్పాడు. కానీ మింగెయ్యాల్సిన 'వుడ్'ని రెండుచోట్లా పెట్టాడు. అది జర్మన్ మీదుగా ఇంగ్లీష్ నేర్చుకున్నవాళ్లు చేసే తప్పు. లువాండాలో పెరిగినవాడి నాలుక మీదికి ఎలా వచ్చింది?

"మీకు ఇంగ్లీష్ ఎవరు నేర్పారు?"

"మిషన్ స్కూల్లో స్విస్ సిస్టర్, టీచర్‌గారూ. చాలా మంచావిడ," అన్నాడు కుస్తోదియు. తడుముకోలేదు. బహుశా తడుముకోవాల్సిందేమో.

చివర్లో రాతపరీక్ష పెట్టింది. ఒదెత్ కాగితం అందరికంటే ముందు వచ్చింది. అందులో ఒక్క తప్పూ లేదు. అట్టడుగున చక్కటి ఇంగ్లీషులో అదనంగా ఒక వాక్యం. 'నేనే మీరైతే, రేపు అతన్ని రేడియో ముట్టుకోనివ్వను.'

ఇల్దా తలెత్తింది. ఒదెత్ స్కార్ఫ్ సర్దుకుంటూ వెళ్లిపోతోంది. వెనక్కి చూడలేదు.

గొడుగుల దుకాణంలో కింతెలా టేపు రెండుసార్లు విన్నాడు. కాగితం దీపం కింద పెట్టి చూశాడు.

"ఇంత ఇంగ్లీష్ వచ్చి రానట్టు నటించింది. నల్లకారులో తిరుగుతోంది. దొరికిపోతానని తెలిసి మనల్ని వేరేవాడి మీదికి ఉసిగొల్పుతోంది."

"ఆవిడ వాళ్ల దగ్గర పనిచేస్తుందేమో, సార్. కాదనను. కానీ రానట్టు నటిస్తూ కూడా మన తప్పే చేసింది. ఆవిడ ఇక్కడి మనిషి. కుస్తోదియు కాదు."

"వ్యాకరణం తప్పుచేశాడని మనిషిని లోపల వెయ్యమంటావా? అలాగైతే ముందు నన్ను వెయ్యి!"

"సిస్టర్ నేర్పినా, వాడికి ఊహ తెలిసింది పోర్చుగీసులోనే కదా, సార్? మన తప్పే రావాలి."

"సాక్ష్యం చాలదు. ఒదెత్‌ని పొద్దున్నే అరెస్టు చేయిస్తున్నాను."

గురువారం పొద్దున తొమ్మిదింటికి నది మీద మంచు పాలలా పరుచుకుంది. వంతెన సగం నుంచి కనబడటం లేదు. అయినా దాని మీద బస్సుల చప్పుడు ఆగలేదు. ఇల్దా టవర్ దగ్గరికి వచ్చేసరికి పైలట్ పడవ పక్కన బెల్మీరు చిందులు తొక్కుతున్నాడు.

"ఎవడో వెధవ డీజిల్ ట్యాంకులో ఇసక పోశాడు, టీచర్‌గారూ! అమ్మోనియా ట్యాంకర్ ఓడ వస్తోంది, పగిలితే ఊరంతా విషవాయువే. పైలట్ ఎక్కకుండానే లోపలికి రావాలి. ఇక రేడియోలో చెప్పినదే దారి."

"రేడియోలో ఎవరున్నారు?"

"ఒదెత్ డ్యూటీ. కానీ ఆవిణ్ణి పోలీసులు పట్టుకుపోయారట. షిఫ్టు పెద్దాయన ఇక్కడే నా చేత తిట్లు తింటున్నాడు. పైన కుస్తోదియు ఒక్కడే..."

ఇల్దా అప్పటికే మెట్లెక్కుతోంది. తమ ఆఫీసే వాడికి కుర్చీ ఖాళీ చేసిపెట్టింది! వెనక బెల్మీరు ఎందుకో తెలియకుండానే ఆయాసపడుతూ పరుగెత్తి వస్తున్నాడు. ఒక్క క్షణం ఆమెకి అతని మీదా అనుమానం కలిగింది. ఇసక పోసింది ఇతనే అయితే?

పైన తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

"బెల్మీరు, పగలగొట్టు!"

"గవర్నమెంటు తలుపు!"

"పగలగొట్టు!"

రెండో పోటుకి తలుపు ఊడింది. కుస్తోదియు మైకు ముందు నింపాదిగా కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగాడు. చేతిలో ఫౌంటెన్ పెన్ను. పాళీ ఉండాల్సిన చోట సూది.

"దగ్గరికి రాకండి, టీచర్‌గారూ. మీరంటే నాకు గౌరవం."

ఇల్దాకి అన్సెల్ము చెవి వెనకాల ఎర్రచుక్క గుర్తొచ్చింది. ఆమె కదిలేలోపే బెల్మీరు కదిలాడు. కుస్తోదియు పొడిచిన సూది ఇల్దా ఒంటికి తగలకుండా ఆమె స్వెట్టర్ మోచేతిలో ఇరుక్కుంది. మరుక్షణం కుస్తోదియు నేల మీద ఉన్నాడు. బెల్మీరు అతని మీద ఉన్నాడు.

"కదిలావంటే ఇక్కడే నిద్రపోతా!"

ఇల్దా రాడార్ తెర చూసింది. ట్యాంకర్ చుక్క వంతెన ఉత్తరపు స్తంభం మీదికి సూటిగా పోతోంది. మైకు అందుకుంది.

"ట్యాంకర్! హార్డ్ స్టార్‌బోర్డ్! కుడికి!"

స్పీకర్‌లో కెప్టెన్ గొంతు చిరాగ్గా పలికింది. "ఇప్పుడే నేరుగా రమ్మన్నారు. ఎవరు మాట్లాడేది?"

"నేరుగా వస్తే చస్తావు! తిప్పు!"

నాలుగు క్షణాలు ఏ చప్పుడూ లేదు. తర్వాత మంచులోంచి పొడుగాటి కూత. చుక్క కొంచెం వంగింది. ఇంకొంచెం. స్తంభం గీతని ఆనుకున్నట్టే కనిపించి, ఇవతలికి జారింది. వంతెన మీద బస్సులు వెళ్తూనే ఉన్నాయి. ఇల్దా మైకు పెట్టేసి కుర్చీలో కూలబడింది.

సంకెళ్లు వేసి తీసుకెళ్తున్నప్పుడు కుస్తోదియు ఆమె ముందు ఆగాడు.

"నా పోర్చుగీసులో తప్పు దొరికిందా?"

"ఒక్కటీ లేదు. ఇంగ్లీషులో తప్పు చేశావు. దాన్నీ తప్పుగా చేశావు. మావాళ్లలా తప్పు చెయ్యడం నీకెవరూ నేర్పలేదు."

అతను కాసేపు పెదాలు కదిపి ఆ వాక్యం చెప్పుకుని చూసుకున్నాడు. తల పంకించి మెట్లు దిగాడు.

మధ్యాహ్నానికి ఒదెత్‌ని వదిలారు. నార్డ్ దగ్గర జీతం తీసుకుంటూనే, రెండేళ్లుగా ఆమె నౌకాదళపు ఇంటెలిజెన్స్‌కి కబుర్లు చేరవేస్తోంది. ఆ సంగతి కింతెలా ఆఫీసుకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"వాడి పేరు రాసి ఉంటే అయిపోయేది కదా!" అంది ఇల్దా.

"మీరెవరో నాకేం తెలుసు? మీరు వాడి మనిషైతే నా గతి?" అంది ఒదెత్. ఇద్దరూ ఒకరినొకరు ఇంకా కొంచెం అనుమానంగానే చూసుకుని కాఫీకి వెళ్లారు.

వారం తిరక్కుండానే ట్యాంకర్ కెప్టెన్ నుంచి రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది. లిస్బన్ టవర్‌లో ఎవరో ఆడమనిషి తనతో 'ప్లీజ్' అన్న మాట వాడకుండా మాట్లాడిందట.