ఆధారాల పట్టికలో ఆరో పేజీ

యూనివర్సిటీ లైబ్రరీలో, పాత పత్రికల గదిలో ఒక పేజీ మాయమైంది. బైండు చేసిన వాల్యూమ్‌లోంచి బ్లేడుతో నున్నగా కోసేశారు.

ముప్పై ఏళ్ల కిందటి మిల్లు అగ్నిప్రమాదం వార్త అందులో ఉంది. ఆ వారం గదిలోకి వెళ్లింది ఇద్దరే. ఆ ప్రమాదం మీద థీసిస్ రాస్తున్న అమ్మాయి, ఆమె గైడు ప్రొఫెసర్. నలుగురిలో అమ్మాయి బ్యాగు కుమ్మరించారు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. కోసిందెవరో సాయంత్రంలోగా తేలకపోతే ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు. నాలుగేళ్ల కష్టం మట్టిపాలే.

లైబ్రరీవాళ్లు పిలిపించిన పోలీసు ఇన్‌స్పెక్టర్ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టింది.

"నువ్వు కోశావా?"

"లేదు మేడమ్. నేను తెరిచేసరికే పేజీ లేదు."

"మీరు, సార్?"

"ఆ వాల్యూమ్ ఎప్పుడూ ముట్టుకోలేదు. వేరే పుస్తకం కోసం వెళ్లాను."

"మీ కొత్త పుస్తకంలో ఈ వార్త వాడుకున్నారు కదా?"

"అప్పట్లో ఆ పత్రిక వెబ్‌సైట్‌లో చదివాను. పత్రిక మూతపడింది, సైటూ పోయింది."

ఎంచక్కా తప్పించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కు ఒళ్లు మండింది. ఆయన పుస్తకం చివర ఆధారాల పట్టిక తెరిచింది.

"అమ్మాయ్, పట్టికలో పత్రిక వార్త ఎలా రాయమన్నారు మీ సార్?"

"రాసినవారి పేరు, శీర్షిక, పత్రిక, తేదీ. కాగితం చూస్తే పేజీ నంబరు. నెట్‌లో చూస్తే లింకు, చూసిన తేదీ. ఏది చూశామో అదే రాయాలి. తప్పితే చీవాట్లే."

ఇన్‌స్పెక్టర్ ఒక వరుస మీద వేలు పెట్టింది.

"మిగతా వెబ్ వార్తలన్నిటికీ లింకులిచ్చారు. దీనికి మాత్రం 'పేజీ 6'. చూడని కాగితానికి నంబరెలా తెలిసింది సార్?"

ప్రొఫెసర్ తల వాలిపోయింది.

"ఆ రోజు లోపల కూలీలుండగానే మిల్లు తలుపుకు తాళం వేయించింది మా నాన్నే. ఆ వార్తలో పేరుతో సహా వేశారు. నా పుస్తకంలో ఆ ముక్క మింగేశాను. ఈ అమ్మాయి రాసేస్తుందని భయపడ్డాను. కానీ వాడుకున్న వార్తని పట్టికలోంచి తీసెయ్యడానికి చెయ్యి రాలేదు."

"మరి ఆ పిల్ల బ్యాగు వెతుకుతుంటే నోరెలా మూసుకున్నారు?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నాళ్లూ నాన్న చేసినదానికి సిగ్గుపడ్డాడు. ఇది మాత్రం తన సొంతం.

"సార్," అంది అమ్మాయి మెల్లగా. "చూడనిది పట్టికలో రాయకూడదన్నారు కదా. నేనా వార్త చూడలేదు. ఇప్పుడేం చెయ్యను?"

ఆ గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ కుంగదీసింది.

ప్రొఫెసర్ తన బ్యాగులోంచి మడతపెట్టిన పేజీ తీసి ఆమె ముందు పరిచాడు. తండ్రి పేరు మొదటి వరుసలోనే ఉంది.

"చూసి రాయమ్మా," అన్నాడు తలెత్తకుండా. "పేజీ ఆరు."